యెజ్డీ ఇంజన్ పని చేయించేవాళ్ళు జాగ్రత్త! బిల్లులో టార్క్ రెంచి, చేతిలో పైపు ముక్క

యెజ్డీ రోడ్‌కింగ్ బండి ఇంజన్ విప్పించాలనుకునేవాళ్ళు ఇది చదివాకే విజయవాడ ఆటోనగర్ వెళ్ళండి. టార్క్ రెంచితో (నట్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ఇంజన్లు బిగిస్తున్నట్టు రీల్స్ పెట్టే షాపు అది. పేరు పెట్టను, ఆ రీల్స్ చూసేవాళ్ళకి ఎటూ తెలుసు. రీబోరు, క్రాంకు, సీళ్ళు, ప్యాకింగులు అన్నీ కలిపి 18,000 అయింది. అందులో 'టార్క్ సెట్టింగ్' అని విడిగా 1,500 వేశాడు. కిక్కురుమనకుండా ఇచ్చాను, ఆ షాపుకి వెళ్ళిందే దాని కోసం కదా! ఆ రీలుకి లైకు కొట్టిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి.

వారధి దాటి మంగళగిరి వైపు వెళ్తుంటే హెడ్డు (ఇంజన్ సిలిండర్ పైమూత) కింద నుంచి టస్సు టస్సుమని గాలి. ఆపి చూస్తే ఇంజన్‌ని చల్లబరిచే ఫిన్నుల మీద నల్లగా ఆయిలు చారలు. అట్నుంచి అటే వెనక్కి తిప్పి షాపుకి తీసుకెళ్ళాను.

నేనొస్తానని వాడికి తెలీదు. స్టాండు మీద ఇంకెవరిదో యెజ్డీ, ఎదురుగా ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని షూటింగ్. మనవాడు మెరిసే టార్క్ రెంచితో ఒక్క నట్టు తిప్పి, 'టక్'మనగానే కెమెరా వైపు చూసి నవ్వాడు. కుర్రాడు ఫోన్ జేబులో పెట్టాడు. రెంచి డబ్బాలోకి పోయింది. రింగు పానా బయటికొచ్చింది, దాని తోకకి మూరెడు ఇనప పైపు. మిగతా నట్లన్నీ ఆ పైపుతో ఊగి ఊగి, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా బిగించుకుంటూ పోయాడు.

డబ్బాలో రెంచి తీసి చూశాను. దాని మీద స్కేలు 28 నుంచి 210 న్యూటన్ మీటర్లు. అది కార్ల చక్రాల నట్లకి వాడేదండీ! అల్యూమినియంలో 8 ఎంఎం మరకి 20-25 పైన పెడితే కష్టం, 6 ఎంఎం కవరు బోల్టుకి పదే ఎక్కువ. అంటే నా ఇంజన్లో సగం బోల్టులకి ఆ రెంచి స్కేలు మొదలే అవ్వదు. 1,500 దేనికి తీసుకున్నట్టు?

"ఏంటన్నా, ఈ పైపేంటి?" అన్నాను. "ముప్పై ఏళ్ళ చెయ్యి సార్ ఇది, ఇదే టార్క్ రెంచి" అన్నాడు, చెయ్యి చూపించి. మరి బిల్లులో వేశావేంటంటే, "అంత నమ్మకం లేకపోతే మైసూరు తీస్కెళ్ళి కంపెనీలోనే చేయించుకోండి" అన్నాడు. కుర్రాళ్ళంతా పకపకా నవ్వారు. యెజ్డీలు తయారుచేసిన ఆ మైసూరు కంపెనీ ఐడియల్ జావా 1996లోనే మూతపడిందని అక్కడ తెలీనివాడు లేడు. డబ్బులు పోయినదానికన్నా ఆ నవ్వే ఇంకా చెవుల్లో ఉంది.

గుంటూరులో తెలిసిన పెద్దాయన దగ్గర హెడ్డు విప్పించాను. రెండు నట్లు పానా పెట్టగానే ఊడొచ్చాయి. ఇంకోదానికి నట్టుతో పాటు స్టడ్డే (నట్టు ఎక్కే, కేసులోకి బిగించిన తల లేని బోల్టు) పైకి లేచొచ్చింది, కేసులోని అల్యూమినియం మర స్ప్రింగులా దాని చుట్టూ చుట్టుకుని ఉంది. "మరలకి ఇంత ఆయిలు పూశాడేంటి బాబూ, జారుడు ఉంటే అదే బలానికి స్టడ్డు ఇంకా సాగుద్ది" అన్నాడాయన. పైగా ఒక నట్టు పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే, హెడ్డు ఒక వైపు కూర్చుని రెండోవైపు లేస్తుంది. ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఇక్కడ హెడ్డు అద్దం మీద పెడితే కుంటి పీటలా ఊగుతోంది. కవరు స్క్రూల గాట్లన్నీ ఉలి దెబ్బలకి చితికిపోయి ఉన్నాయి, అది వేరే కథ.

ఇప్పుడు హెలికాయిల్ (పోయిన మర స్థానంలో వేసే స్టీలు తీగ చుట్ట), హెడ్డు ఫేసింగు (అడుగు చదును చేయించడం), కొత్త స్టడ్లు, మళ్ళీ ప్యాకింగు. బిల్లూ, ఊడొచ్చిన స్టడ్డూ రెండూ దాచాను, కన్స్యూమర్ కమిషన్‌లో పనికొస్తాయి.

ఇంజన్ ఇచ్చేముందు రెంచి చేతిలోకి తీసుకుని స్కేలు ఎక్కడ మొదలవుతుందో చూడండి. కనీసం 5 నుంచి కొలిచే చిన్నది కూడా లేకపోతే వచ్చేయండి. హెడ్డు బిగించే రోజు పక్కనే నిలబడండి, రీలు తీసుకుంటే తీసుకోనివ్వండి, వాళ్ళు ఫోన్ జేబులో పెట్టాక మాత్రం కదలకండి.