గేర్‌బాక్స్ ఆయిల్ కారుతోందా? పోస్తూ తిరగడమా, సీల్ మార్చడమా, బాక్స్ దించడమా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టైల్స్ మీద అరచేయంత మరక చూపించి "మీ బండి కిందేనండి" అన్నాడు వాచ్‌మన్. ఏసీ నీళ్లేమో అనుకుని ముట్టుకుంటే జిడ్డు, వాసన చూస్తే గంధకం కంపు, అంటే గేర్ ఆయిలే. ఇంజన్ ఆయిల్‌కి ఆ కంపు ఉండదు.

మా బావ "పాత బండేగా, ఆయిల్ పోసుకుంటూ తిరిగెయ్" అన్నాడు. గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ కిందకి వంగి చూడకుండానే బాక్స్ దించేద్దాం సార్, క్లచ్ కూడా వేసేద్దాం అన్నాడు.

పోస్తూ తిరగడం అంత తేలిక కాదు. మాదిలాంటి చిన్న కార్ల గేర్‌బాక్స్‌కి చాలావాటిలో డిప్‌స్టిక్కే ఉండదు, ఆయిల్ ఎంతుందో తెలియాలంటే బండి లేపి పక్కనున్న ప్లగ్ విప్పాలి, రంధ్రం అంచు దాకా ఉంటే సరిపోయినట్టు. మొత్తం పట్టేదే రెండు లీటర్ల చిల్లర, అందులో అర లీటరు కారిపోయాక అరకు ఘాట్ ఎక్కిస్తే బేరింగులు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. వారం, పది రోజులు ఆగడానికైతే సరే.

అసలు ముందు చేయాల్సింది కింద శుభ్రంగా తుడిపించి రాత్రంతా ఒక అట్టముక్క పరిచి ఉంచడం. చుక్కలు చక్రం వైపు, చక్రాన్ని తిప్పే కడ్డీ (యాక్సిల్) గేర్‌బాక్స్‌లోకి దూరే చోట పడితే పోయింది యాక్సిల్ సీల్, అంటే ఆ సందులోంచి ఆయిల్ రాకుండా ఆపే రబ్బరు రింగు. దానికి బాక్స్ దించక్కర్లేదు, పూటలో అయిపోతుంది. సీల్ ఖరీదు తక్కువే, డబ్బంతా కూలీకే, కాబట్టి అక్కడ లోకల్ సీల్‌తో కక్కుర్తి పడొద్దు. ఆయిల్ ఎలాగూ దించాలి కనుక కొత్తదే పోయించండి, కానీ దించే ప్లగ్ కంటే ముందు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూడమనండి, సముద్రపు గాలికి మన ఊళ్లో నట్లు ఎలా పట్టేస్తాయో తెలిసిందే. కొత్త సీల్ పెదవికి, అంటే యాక్సిల్‌కి ఆనే అంచుకి, కాస్త ఆయిల్ రాసి, వంకర పోకుండా సమంగా కొట్టి దింపాలి. యాక్సిల్ మీద సీల్ రాసుకునే చోట గాడి పడి ఉంటే కొత్తదీ కారుతుంది. బాక్స్‌లోని గాలి బయటికి పోయే చిన్న దారి (బ్రీదర్) మూసుకుపోయినా అంతే, లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని బయటికి నెట్టేస్తుంది.

చుక్కలు ఇంజన్‌కీ బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర పడుతుంటే మాత్రం ఆటోనగర్ ఆయన మాటే కరెక్టు. అది ఇంజన్ నుంచి బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ (ఇన్‌పుట్ షాఫ్ట్) సీల్ కావచ్చు, ఇంజన్ వెనక సీల్ కూడా కావచ్చు, దేనికైనా బాక్స్ దించాల్సిందే. అంత కూలీ ఇచ్చి సీల్ ఒక్కటే మార్చడం దండగ. రెండు సీళ్లూ, క్లచ్ నొక్కినప్పుడు దాన్ని విడిపించే రిలీజ్ బేరింగూ, అరిగినా ఆయిల్‌లో నానినా క్లచ్ ప్లేటూ అప్పుడే వేయించేయాలి. నానిన ప్లేటు సింహాచలం కొండ ఎక్కేటప్పుడు జారుతుంది, ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. ఈ మధ్యే క్లచ్ వేయించి, అది పొడిగా ఉంటే ముట్టుకోవద్దు.

మాది ఎడమ యాక్సిల్ సీలే. మార్పించి నెల రోజులైంది, టైల్స్ పొడిగానే ఉన్నాయి. వాచ్‌మన్ మాత్రం పొద్దున్నే ఒకసారి కిందకి తొంగిచూస్తూనే ఉన్నాడు.