జియోకాషింగ్ ‘ట్రయాడ్’: సొరంగం, స్మారక పలక, ఫ్రీమాంట్ పెట్టె

జియోకాషింగ్ అంటే జీపీఎస్ అంకెలు పట్టుకుని, ఎవరో దాచిన పెట్టెల్ని వెతికి, లోపలి కాగితం మీద సంతకం పెట్టే ఆట. ఆడేవాళ్లు ‘ట్రయాడ్’ అనేది మూడు చోట్లని: సొరంగం అవతలి పెట్టె, ఆరెగాన్‌లో పలక, సియాటిల్‌లో ఈ ఆట నడిపే ఆఫీసు. సియాటిల్, బెల్‌వ్యూ వైపు ఉండే మనవాళ్లకి ఈ మూడూ కలిపి రెండు రోజుల పని. ఒక్క రోజులో చుట్టేద్దామని బయల్దేరితే సొరంగం దగ్గరే పొద్దు గూకుతుంది.

సొరంగానికి ఐ-90 మీద 54వ ఎగ్జిట్, హయాక్. పార్కింగుకి డిస్కవర్ పాస్ (వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల పాస్) ఉండాలి. స్నోక్వాల్మీ సొరంగం 2.3 మైళ్లు, లోపల దీపాల్లేవు, ఎండాకాలంలోనూ వణికించే చలి, పైనుంచి నీటి చుక్కలు. ఫోన్ టార్చి చాలదు. మనిషికొక తలలైటు, ఒక జాకెట్. పిల్లలుంటే సైకిళ్లే నయం, రానూపోనూ దాదాపు 5 మైళ్లు మరి. లోపల జీపీఎస్ అందదు కాబట్టి అవతల బయటపడగానే పరుగెత్తకండి. ఫోన్ తన చోటు పట్టుకునేదాకా రెండు నిమిషాలు నిలబడాలి, లేదంటే ఫోన్‌లో దారి చూపే బాణం చెట్లలోకి తిప్పుతుంది. 2001లో ఒక సినిమా ప్రచారం కోసం దాచిన పెట్టెల్లో ఇక్కడిది ఒకటి. 2011లో అది కనిపించకుండా పోతే తర్వాత మళ్లీ పెట్టారు. చలికాలంలో సొరంగం తలుపులు మూసేస్తారు.

రెండోది ఆరెగాన్‌లో, పోర్ట్‌లాండ్‌కి ఆగ్నేయంగా. రాత్రి బస క్లాకమస్ వైపు చూసుకుంటే పొద్దున్నే తేలిక. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పు తీసేయగానే, మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఇక్కడ నల్ల బకెట్ సగం పాతిపెట్టాడు; ఈ ఆటకి అదే మొదటి పెట్టె. ఇప్పుడు దాని గుర్తుగా ఒక పలక ఉంది. చూడ్డానికి పది నిమిషాలు. ఉత్తరం 45° 17.460, పశ్చిమం 122° 24.800 అన్నవి డిగ్రీలు, నిమిషాలు. 45.17460, మైనస్ 122.24800 అని కొడితే 18 కిలోమీటర్లు పక్కకి పోతారు. మ్యాప్‌కి 45.2910, మైనస్ 122.4133 ఇవ్వాలి; మైనస్ మరిస్తే చైనాలో తేలతారు!

మూడోది సియాటిల్‌లోనే, ఫ్రీమాంట్ పేటలోని జియోకాషింగ్ ఆఫీసులో ఉన్న పెట్టె. అక్కడికి సందర్శకుల వేళలు ముందే చూసుకుని వెళ్లండి. పిల్లలకి నచ్చేది ఇదే. పెట్టెలోంచి బొమ్మ తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి. తినేవి వద్దు, అడవి పెట్టెల్లో అయితే వాసనకి జంతువులు చీల్చేస్తాయి. సంతకానికి పెన్సిల్ తీసుకెళ్లండి, తడి కాగితం మీద పెన్ను రాయదు.