జూబ్యాంక్ రివ్యూ: తప్పక వాడాల్సిందే, పూర్తిగా దానిమీదే వదిలేయకూడదు

కొత్త జంతుజాతిని వర్ణించేవాళ్లకు జూబ్యాంక్‌తో పని పడక తప్పదు. జంతువుల శాస్త్రీయ నామాలకు ఇదే అధికారిక రిజిస్టర్. అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ ఆధ్వర్యంలో 2008 జనవరి 1న మొదలైంది. అకౌంట్ తెరవడానికీ, నమోదుకీ పైసా కట్టక్కర్లేదు.

దీని అసలు విలువ జంతు నామకరణ నియమావళికి 2012లో చేసిన సవరణతో తెలిసొచ్చింది. అంతకుముందు ఆన్‌లైన్ ప్రతి ఒక్కటే ఉంటే పేరు చెల్లేది కాదు. 2009లో డార్వినియస్ అనే శిలాజ జీవి పేరు నిలవడానికి, ఆన్‌లైన్ పత్రిక పనిగట్టుకుని కాగితం మీద ప్రతులు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అవస్థ లేదు, షరతులు మాత్రం గట్టివే. కొత్త పేరును ప్రకటించే పరిశోధన పేపర్ వెలువడకముందే జూబ్యాంక్‌లో నమోదు కావాలి. నమోదైనట్టు ఆధారం, ప్రచురణ తేదీ రెండూ పేపర్‌లోనే కనబడాలి. డీఓఐ (ఆన్‌లైన్ పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంది కదా అనుకోవద్దు, అది ఈ ఆధారం కిందకు రాదు.

ముందు పేపర్ వివరాలు ఎక్కించాలి: రచయితలు, శీర్షిక, పత్రిక. ఆ తర్వాత కొత్త పేర్లు. ఒక్కోదానికి ఎల్‌ఎస్‌ఐడీ అనే పొడవాటి నంబరు వస్తుంది. దాని మధ్యలో 'పబ్' అని ఉంటే పేపర్‌ది, 'యాక్ట్' అని ఉంటే పేరుది. తడబాటు ఎక్కువగా ఇక్కడే. నియమం అడిగేది పేపర్ నమోదునే. పేరును కూడా నమోదు చేయడం మంచి పద్ధతి, తప్పనిసరి కాదు. కాబట్టి 'యాక్ట్' నంబర్లతో సరిపెట్టకుండా 'పబ్' నంబరును మొదటి పేజీలోనే వేయించండి. అచ్చులో ఒక అంకె తప్పు పడినా, రికార్డు ముందే ఉండి, అది ఈ పేపర్‌దేనని స్పష్టంగా తెలిస్తే పేరుకు ఢోకా లేదు. రికార్డే ఆలస్యమైతే ఆ ఆన్‌లైన్ ప్రతితో పేరు చెల్లదు.

అందరూ దాటేసే గళ్లు రెండున్నాయి. పేపర్‌ను శాశ్వతంగా భద్రపరిచే సంస్థ పేరు, వెబ్ చిరునామా ఒకటి. ఆ సంస్థ ప్రచురణకర్తే కాకూడదు. రెండోది పత్రిక లేదా పుస్తకం గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎన్ లేదా ఐఎస్‌బీఎన్. ఇవి ఖాళీగా ఉంటే నియమం నెరవేరినట్టు కాదు. పత్రికవాళ్లు నింపుతారులే అని ఊరుకోకుండా రికార్డు తెరిచి చూసుకోండి.

ఇక లోపాలు. జూబ్యాంక్ నమోదు చేసుకుంటుందే తప్ప పేరు సరైనదో కాదో తేల్చదు. మీరు చేపకు పెట్టిన ప్రజాతి (జీనస్) పేరు ఇదివరకే ఏ పేడపురుగుకో ఉంటే, నంబరు వచ్చినా మీ పేరు నిలవదు. (ఒక్క అక్షరం తేడా ఉన్నా ప్రజాతి పేర్లు వేర్వేరుగానే లెక్క. జాతి పేర్ల దగ్గర కొన్ని అక్షరభేదాలను లెక్కలోకి తీసుకోరు.) పైగా కాగితం మీద అచ్చయ్యే పేపర్లకు నమోదు తప్పనిసరి కాదు, పాత పేర్లు చాలావరకు ఇంకా ఎక్కనే లేదు. వెతికితే దొరకలేదు కాబట్టి పేరు ఖాళీగా ఉందనుకోవడం పెద్ద పొరపాటు. పాత సూచికలన్నీ గాలించాల్సిందే. శిలీంధ్రాల్లో 2013 నుంచి ప్రతి కొత్త పేరుకూ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్న నియమం ఉంది. జంతువులకూ అది రావాలని గట్టిగా కోరుకుంటున్నాం.

వాడుకలో స్థిరపడ్డ పేరును మరుగునపడ్డ పాత పేరు నుంచి కాపాడటం జూబ్యాంక్ పని కాదు. అందుకు నామకరణ నియమావళిలోని 23.9 అధికరణం ఉంది: పాత పేరును 1899 తర్వాత ఎవరూ సరైన పేరుగా వాడి ఉండకూడదు, వాడుక పేరు గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితల 25 రచనల్లో, పదేళ్లకు తగ్గని వ్యవధిలో కనబడాలి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా కమిషన్‌కే దరఖాస్తు పెట్టుకోవాలి.