ట్రండల్‌లో అబ్బా జాతర: ప్రయాణం, బస, భోజనం

సిడ్నీలో పొద్దున్నే కారెక్కుతూ "ఇంతకీ ఎక్కడికి బాబూ?" అని అడిగారు అత్తయ్య. "అబ్బా పండక్కి అత్తయ్యా" అన్నాను. "అబ్బా ఏంటి, నడుం పట్టేసిందా?" అన్నారావిడ. లిథ్‌గో దాటేదాకా నేనూ మా ఆవిడా నవ్వుతూనే ఉన్నాం.

అబ్బా అంటే స్వీడన్ పాటల బృందం. అగ్నెతా, బ్యోర్న్, బెన్నీ, ఆనీ-ఫ్రిడ్. నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. వాళ్ళు ఆస్ట్రేలియాలో కచేరీల కోసం తిరిగింది ఒక్కసారే, 1977 మార్చిలో, మొత్తం 11 ఆటలు. అయినా ఈ దేశం వాళ్ళని ఇప్పటికీ వదల్లేదు. గోధుమ పొలాల మధ్య, వెయ్యిమంది కూడా లేని ట్రండల్ అనే పల్లె 2012లో ఏకంగా వాళ్ళ పేరు మీద పండగే మొదలుపెట్టింది. రెండేళ్ళ కిందట మేం వెళ్ళింది దానికే.

ముందు ఒక మాట. సిడ్నీలో వాళ్ళ మొదటి కచేరీ జరిగిన పాత షోగ్రౌండ్ మూర్ పార్క్‌లో ఉంది కదా అని అంతకు ముందు వారం అక్కడికీ వెళ్ళాం. ఆ రాత్రి కుండపోత వానలో ఫ్రిడా (ఆనీ-ఫ్రిడ్‌నే అలా పిలుస్తారు) స్టేజి మీద జారిపడిందని, జనం తడుస్తూనే నిలబడ్డారని చదివి ఏదో ఊహించుకున్నాను. ఇప్పుడక్కడ సినిమా స్టూడియోలు, హోటళ్ళు, పార్కింగు. దీనికోసమే అయితే వెళ్ళక్కర్లేదు.

ట్రండల్‌కి సొంత కారే మేలు. సిడ్నీ నుంచి బ్రోకెన్ హిల్ వెళ్ళే రైలు ట్రండల్‌కి దగ్గర్లోని పార్క్స్ అనే ఊళ్ళో ఆగుతుంది గానీ వారానికి ఒక్కసారే. బ్లూ మౌంటెన్స్ దాటి, బాథర్స్ట్, ఆరెంజ్ మీదుగా పార్క్స్ చేరడానికి, మధ్యలో ఆగడాలతో కలిపి, మాకు ఆరు గంటలు పట్టింది. అక్కణ్ణుంచి ట్రండల్ ఇంకో గంట లోపే. చీకటి పడ్డాక ఆ దారిలో నడపొద్దు, కంగారూలు ఎప్పుడు అడ్డం దూకుతాయో తెలీదు. అందుకే కారు పార్క్స్‌లో వదిలి పండగ బస్సులో వెళ్ళాం. బస్సు శుభ్రంగా ఉంది, వెళ్ళేటప్పుడు టైముకే బయల్దేరింది. వచ్చేటప్పుడు మాత్రం దాదాపు గంట చలిలో నిలబెట్టారు.

బస సంగతి అంత బాగాలేదు. ట్రండల్‌లో ఉన్న గదులు ఎప్పుడో అయిపోయాయి, మిగిలింది టెంటే. అత్తయ్యని టెంట్లో పడుకోబెట్టే ధైర్యం లేక పార్క్స్‌లో ఒక మోటెల్ తీసుకున్నాం. మామూలు రోజుల రేటుకి రెండింతలు. రెండు గదులని ఫోన్లో ఒప్పుకుని, తీరా వెళ్ళాక ఒక గది, ఒక మడత మంచం చూపించారు. హీటరు లారీలా మోగింది. మళ్ళీ వెళ్తే అద్దె టెంటే, దుప్పట్లు ఎక్కువ పట్టుకెళ్ళి.

ఊళ్ళో దిగగానే కళ్ళకి కొట్టేది వీధి. ఎద్దుల బళ్ళ బారు తిరగడానికి వేసినదట, 60 మీటర్ల వెడల్పంటారు. ఒక పక్క పాత హోటలు, దాని పొడుగాటి చెక్క వరండా. ఆ వీధిలో ఎటు చూసినా తెల్ల శాటిన్, మెరుపులు, మోకాలి దాకా బూట్లు. ఒక పెద్దాయన బెన్నీ గడ్డం జిగురుతో అంటించుకున్నాడు. మధ్యాహ్నం ఎండకి ఒక చెంప ఊడి వేలాడుతుంటే, దాన్ని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఐస్‌క్రీం తింటున్నాడు. మా ఆవిడ అద్దాల జాకెట్టు చూసి ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కడ కుట్టించావని పట్టుకున్నారు. అది మా మరదలి సంగీత్‌కి కుట్టించింది!

మన దగ్గర అభిమానమంటే హీరోని కటౌట్‌గా నిలబెట్టి పాలు పొయ్యడం. ఇక్కడ అభిమాని తనే హీరో వేషం కట్టేస్తాడు. మా ఊళ్ళో పగటివేషాల వాళ్ళు గుర్తొచ్చారు నాకు. స్టేజి మీద పాడేవాళ్ళూ అసలు వాళ్ళు కారు, వాళ్ళ వేషం కట్టిన బృందాలే. ఆ రకం వాటిలో పేరుమోసిన బ్యోర్న్ అగైన్ కూడా 1988లో మెల్‌బోర్న్‌లో పుట్టిందే.

బస్సులో పక్క సీటావిడ అరవై దాటిన మనిషి. "మా చిన్నప్పుడు ఆదివారం సాయంత్రం కౌంట్‌డౌన్ వచ్చేదాకా ఇంట్లో ఎవరం కదిలేవాళ్ళం కాదు" అంది. ఏబీసీ టీవీలో పాటల కార్యక్రమం అది. ఇక్కడ 1975లో రంగుల టీవీ వచ్చింది. స్వీడన్ నుంచి ప్రతిచోటికీ వెళ్ళి పాడలేక ఆ నలుగురూ పాటలు ఫిల్ము తీసి పంపేవారు, కౌంట్‌డౌన్‌లో అవే వేసేవారు. మమ్మా మియా అనే పాటని సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వెయ్యాలని వాళ్ళకి లేనేలేదు. టీవీలో చూసిన జనం రికార్డు కావాలని పట్టుబడితే వేశారు, ఇక్కడి రికార్డుల జాబితాలో 10 వారాలు మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడు వాళ్ళదే ఫెర్నాండో అనే పాట 14 వారాలు. "మేమే ముందు కనిపెట్టాం వాళ్ళని" అంది ఆవిడ, మేనల్లుడికి ఉద్యోగం వేయించినంత గర్వంగా.

భోజనం విషయంలో శాకాహారులు జాగ్రత్త. వేడి చిప్స్, చీజ్ టోస్ట్, అంతే. మా పులిహోర డబ్బా లేకపోతే అత్తయ్య పస్తే. మరుగుదొడ్ల దగ్గర ఆడవాళ్ళ వరస ఎప్పుడు చూసినా పాతికమంది, ఆ శాటిన్ ప్యాంట్లతో లోపలికెళ్ళినవాళ్ళు ఓ పట్టాన బయటికి రారు. పిల్లలకీ ముసలాళ్ళకీ నీడలో కుర్చీలు వేశారు, అది మెచ్చుకోవాలి.

తిరుగు ప్రయాణంలో పార్క్స్ టెలిస్కోపు దగ్గర ఆగాం. 64 మీటర్ల గిన్నె, 1969లో చంద్రుడి మీద మనిషి నడిచిన బొమ్మలు అందుకున్నది. టికెట్టు లేదు, కాఫీ బాగుంది. అత్తయ్య దాని వంక చూడకుండా బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ నలుగురి వీడియో పెట్టుకున్నారు. "వీళ్ళలో ఎవరితో ఎవరికి పెళ్ళయింది బాబూ?" అన్నారు. రెండు జంటలూ విడిపోయాయని చెప్పాను.

"అబ్బా" అన్నారు.