పిల్లలకు డీఫ్లక్స్ ఇంజెక్షన్: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

నల్లగొండ వైపు పిల్లలకు ఏ కిడ్నీ బాధ వచ్చినా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే తిడతారు. మూత్రం వెనక్కెక్కే రిఫ్లక్స్‌కు మాత్రం నీళ్లు కారణం కాదు. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం మూత్రసంచి గోడలోంచి ఏటవాలుగా దూరి రావాలి. ఆ దారి పుట్టుకతోనే పొట్టిగా ఉంటే సంచి నిండినప్పుడు నాళం నొక్కుకుపోదు. మూత్రం కిడ్నీకి ఎక్కుతుంది, ఇన్ఫెక్షన్ సోకితే చలిజ్వరం పట్టుకుంటుంది.

ఆ లోటు పూడ్చే జెల్ డీఫ్లక్స్. 1 మి.లీ. సిరంజిలో వస్తుంది. రిఫ్లక్స్ తీవ్రతను 1 నుంచి 5 గ్రేడ్లుగా చెబుతారు; అమెరికాలో 2001లో అనుమతి ఇచ్చింది గ్రేడ్ 2 నుంచి 4 వరకే. ఆ గ్రేడ్లలో, ముఖ్యంగా మందులు వాడుతున్నా జ్వరం తిరగబెడుతుంటే, మా ఓటు దీనికే. గ్రేడ్ 5కు నాళాన్ని మళ్లీ అతికే ఆపరేషనే నమ్మకం.

మత్తిచ్చి మూత్రదారిలోంచి సంచిలోకి సిస్టోస్కోప్ (లోపల చూసే సన్నని గొట్టం) పంపుతారు. సంచిని సగమే నింపాలి. బాగా ఉబ్బితే గోడ సాగి సూది సరైన పొరలో కుదురుకోదు. నాళం నోటి కింద, గడియారంలో 6 ఉండే చోట గుచ్చి కొద్దిగా వదిలి చూస్తారు. ఉబ్బు లేవకపోతే సూది లోతుకు పోయినట్టే. లేస్తే నెమ్మదిగా ఎక్కిస్తారు. గుండ్రంగా తెరిచిన నోరు నెలవంకలా మూసుకోవాలి. సూదిని కాసేపు అలాగే ఆపి తీయాలి, లేకుంటే గుచ్చిన రంధ్రంలోంచే జెల్ కారిపోతుంది. కోత లేదు, చాలామంది అదే రోజు ఇంటికి వస్తారు.

నాళం చివర బుడగలా ఉబ్బే యురెటెరోసీల్ వేరు. దానికి బుడగ అడుగున చిన్న రంధ్రం చేస్తారు.

సిరంజి ఖరీదైంది. రెండు వైపులా రిఫ్లక్స్ ఉంటే ఎన్ని పడతాయో, ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో హైదరాబాద్ బస్సెక్కకముందే అడగండి. బడిలో మరుగుదొడ్డి బాగాలేక మూత్రం బిగబట్టే పిల్లలకు, మలబద్ధకం ఉన్నవాళ్లకు ముందు అవి సరిచేయాలి. లేకుంటే జెల్ బాగా పడినా రిఫ్లక్స్ తిరిగి రావచ్చు.

ఇంజెక్షన్ అయిన నెలకు స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బిందేమో చూడాలి, సుమారు 3 నెలలకు డాక్టరు చెబితే ఎంసీయూ (సంచిలో రంగుమందు నింపి, మూత్రం పోసేటప్పుడు తీసే ఎక్స్‌రే) పరీక్ష. మధ్యలో జ్వరం వస్తే మూత్ర పరీక్ష ఆలస్యం చేయొద్దు. కొందరిలో ఏళ్ల తర్వాత జెల్ వేసిన చోటి ఉబ్బు సున్నంలా గట్టిపడి, సీటీలో నాళం చివర రాయిలా కనబడుతుంది. లేని రాయికి ఆపరేషన్ దాకా పోకుండా, ఏ వైపు ఎన్ని మి.లీ. వేశారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. పిల్ల పెళ్లీడుకొచ్చినా ఏ స్కానింగ్‌కు వెళ్లినా అది వెంట ఉండాలి.