సైన్ నెయిల్: సీ-ఆర్మ్ లేకుండా తొడలో రాడ్డు

తొడ ఎముక నడిమికి విరిగితే రాడ్డు వేయడం ఇప్పుడు మామూలు ఆపరేషనే. చిక్కంతా ఆ రాడ్డును ఎముకకు బిగించే మోకాలి వైపు స్క్రూల దగ్గర వస్తుంది. ఎముక లోపల దాగిన రాడ్డు రంధ్రాన్ని బయటి నుంచి సరిగ్గా పట్టుకోవాలంటే సీ-ఆర్మ్, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే తెర మీద చూపే ఎక్స్‌రే యంత్రం, ఉండాలి. అది లేని, ఉన్నా కరెంటు నిలవని ఆస్పత్రుల కోసం చేసిన రాడ్డే సైన్ నెయిల్. వియత్నాం యుద్ధంలో సైనిక సర్జన్‌గా పనిచేసిన లూయిస్ జర్కిల్ 1999లో అమెరికాలోని రిచ్‌లాండ్‌లో పెట్టిన సంస్థ దీన్ని తయారుచేస్తోంది.

ఇది గుల్లగా ఉండే రాడ్డు కాదు, నిండు స్టీలు కడ్డీ. తొడకైనా ముంగాలికైనా ఇదే. ముందుగా ఎముకలోకి దారి చూపే సన్నని తీగ (గైడ్ వైరు) దింపి దాని మీదుగా ఎక్కించే వీలు లేదు కనుక, చాలా కేసుల్లో విరిగిన చోట చిన్న కోత పెట్టి, ముక్కల్ని కళ్లతో చూసి కలపాలి. రీమింగ్, అంటే రాడ్డు పట్టేలా ఎముక లోపలి దారిని తొలిచి వెడల్పు చేయడం, చేత్తోనే. పవర్ డ్రిల్లు కన్నా నెమ్మది, అయితే రీమర్ గట్టి ఎముకను కొరకడం చేతికి తెలుస్తుంది. రాలిన ఎముక పొడిని విరుగు దగ్గరే వాడుకోవచ్చు.

అసలు పనితనం టార్గెట్ ఆర్మ్, స్లాట్ ఫైండర్లది. నెయిల్‌కి స్క్రూలు పట్టే రంధ్రాలే స్లాట్లు; అవి ఎక్కడున్నాయో బయటి నుంచి చూపే చట్రం ఆర్మ్, స్లాట్ దొరికిందో లేదో తడిమి చూసే పనిముట్టు ఫైండర్. నెయిల్ లోపలికి పోకముందే, బల్ల మీదే ఆర్మ్‌ని బిగించి నెయిల్ స్లాట్లకు సూటిగా ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా మోకాలి దగ్గర గురి తప్పుతుంది. తర్వాత ఎముకకు ఇవతలి గోడకు మాత్రమే రంధ్రం వేసి, స్లాట్ ఫైండర్ దించి తిప్పాలి. స్లాట్‌లో పడితే నెయిల్‌ని కాస్త మెలితిప్పగానే ఫైండర్ కూడా కదులుతుంది. అది తేలాకే అవతలి గోడకు డ్రిల్లు పెట్టాలి.

గురి తప్పడానికి ముఖ్య కారణం బిగుతు. తొడ ఎముకకు ముందువైపు వంపు ఉంటుంది. చాలినంత రీమ్ చేయకుండా సుత్తితో దిగ్గొడితే నెయిల్ వంగుతుంది, మెలితిరుగుతుంది. ఆర్మ్ మాత్రం నిటారుగానే ఉంటుంది. అలాంటప్పుడు రంధ్రం మీద రంధ్రం వేస్తూ పోతే ఎముక అక్కడే బలహీనపడి, మళ్లీ విరిగే ప్రమాదం ఉంది. మోకాలి వైపు నుంచి నెయిల్ ఎక్కిస్తే ఆ చివరి స్లాట్లు ఆర్మ్‌కు దగ్గరవుతాయి, గురి సులువు. పాదం పక్కకు తిరిగిపోకుండా చూసుకోవడం ఇంకో జాగ్రత్త: స్క్రూలు బిగించే ముందు మోకాలి చిప్ప ఎటు చూస్తోందో గమనించాలి.

తుంటి దగ్గర విరిగితే ఈ మామూలు నెయిల్ పనికిరాదు, ఆ సంస్థదే వేరే అమరిక ఉంది. నిండు కడ్డీ గనుక లోపల విరిగితే తీయడం నరకమే, గుల్ల రాడ్డులోకి దింపినట్టు కొక్కెం దింపలేం.

రోగికి నెయిల్ ఖర్చు పడకూడదన్నది సంస్థ పద్ధతి. ఆస్పత్రి ప్రతి కేసు ఎక్స్‌రేలనూ వాళ్ల డేటాబేస్‌లో పెట్టాలి, వాడిన నెయిళ్ల స్థానంలో కొత్తవి వస్తాయి. మన పట్టణాల్లోలా సీ-ఆర్మ్ అందుబాటులో ఉన్న థియేటర్‌కి మాత్రం గుల్ల నెయిలే మేలు, విరిగిన చోట కోత పెట్టే పని తప్పుతుంది.