బ్యాటరీ అమ్మకుండా లోపం ఎక్కడుందో చూపించిన షాపు – బళ్లారి చౌరస్తా, కర్నూలు

ముందే చెప్తున్నా, ఇది కొంచెం పెద్ద రివ్యూ. తాళంచెవి బయటికి తీసి డోర్లు లాక్ చేశాక కూడా కారు బ్యాటరీ దిగిపోతోందని తల పట్టుకున్నవాళ్లు మాత్రం మొత్తం చదవండి, కొన్ని వేలు మిగలొచ్చు. అంత ఓపిక లేనివాళ్లకు ఒక్క ముక్క: పని తెలిసిన మనిషి, మీటర్ పెట్టి చూడకుండా ఏ పార్టూ మార్చడు, కానీ ఫోన్ ఎత్తడు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వడు.

నాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. పని రోజుల్లో ఓర్వకల్లు దాకా పోయి రావడం, శనివారం సాయంత్రం పెట్టేస్తే మళ్లీ సోమవారం పొద్దున్నే తీయడం. రోజూ తిరిగినన్నాళ్లు పర్వాలేదు, పొద్దున సెల్ఫ్ కాస్త నీరసంగా తిరిగినా స్టార్ట్ అయ్యేది. సోమవారం మాత్రం తాళం తిప్పితే టకటకమని శబ్దం, అంతే, ఇక తోసుకోవాల్సిందే. పోనీ ప్రతి సోమవారం అలా అవుతుందా అంటే అదీ లేదు, ఒక్కో వారం ఏ గొడవా లేకుండా మొదటి తిప్పుకే అందుకునేది. ఈ 'ఒక్కోసారి' అనేదే ప్రాణం తీసింది, ఎందుకంటే ఎవరికి చూపించినా ఆ టైంకి అంతా బాగానే ఉండేది.

మన ఊళ్లో బ్యాటరీ దిగిందంటే అందరూ చెప్పేది ఒకటే, "ఎండలు సార్, బ్యాటరీ పోయింటుంది, మార్చేయండి" అని. అది ఉత్త మాటేం కాదు, వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గే మాట నిజమే, కర్నూలు మే నెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నా బ్యాటరీ ఇంకా వారంటీలోనే ఉంది. అమ్మినాయన లోడ్ టెస్టర్ పెట్టి చూసి బ్రహ్మాండంగా ఉందన్నాడు, మళ్లీ వెంటనే "కావాలంటే ఇంకా ఎక్కువ ఆంపియర్లది వేసుకోండి, ఎక్కువ రోజులు ఆగుతుంది" అన్నాడు. కుండకు చిల్లు పడిందంటే పెద్ద కుండ కొనుక్కోమన్నట్టుంది. వద్దని వచ్చేశా.

ఈలోపు ఒక చిన్న ఆచూకీ దొరికింది. ఒకరోజు తాళం చేతిలో పట్టుకుని దిగుతుంటే మోచెయ్యి తగిలి స్టీరియో స్క్రీన్ వెలిగింది. తాళం నా చేతిలో ఉంది, అది ఎట్లా వెలుగుతుంది? ఈ సంగతి సర్వీస్ సెంటర్‌లో చెప్తే ఇగ్నిషన్ లాక్ పోయింది, లాక్ సెట్ మొత్తం మార్చాలి, డోర్ల లాకులు కూడా వాటితోపాటే వస్తాయి, కొత్త తాళాలకు ఇమ్మొబిలైజర్ (తాళంలోని చిప్ సరిపోతేనే ఇంజన్ స్టార్ట్ కానిచ్చేది) కోడింగ్ చేయాలి అని పది వేలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఒక్కరు కూడా కారులో తల పెట్టి చూడలేదు. ఆఫీసులో ఒకాయన చెప్తే ఈ షాపుకు వచ్చాను.

షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. బళ్లారి చౌరస్తా దగ్గర సందులో ఒక షట్టరు, ముందు రెండు కార్లు పట్టేంత జాగా, గోడకు వేలాడుతున్న వైర్ల కట్టలు. అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అదే అన్నాను. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు: "తాళం తీసినాక బండి ఆఫ్ అయిందని ఎట్ల అనుకుంటున్నారు సార్?" నిజమే కదా, తాళం బయటికి వచ్చిందంటే కరెంటు ఆగిందనే మనం అనుకుంటాం.

ముందు బ్యాటరీ చూశాడు. ఆగి ఉన్నప్పుడు 12.3 వోల్టులు, ఇంజన్ నడిపితే 14.2, అంటే డైనమో సరిగ్గా ఎక్కిస్తోంది. నిండుగా ఉన్న బ్యాటరీ కదలకుండా ఉంటే 12.6 చూపించాలి, 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ అని లెక్క. తర్వాతే అసలు పని. డోరు తెరిచే ఉంచి లాచ్‌ని మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తెచ్చాడు, డోరు వేసే ఉందని కారు అనుకోవాలట, లేకపోతే లోపలి లైటు వెలుగుతూ లెక్క తప్పుతుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్యలో మీటర్‌ని 10 ఆంపియర్ల స్కేలు మీద పెట్టాడు. కాసేపు ఆగాలన్నాడు, ఎందుకంటే తాళం తీసిన వెంటనే కారులో ఉన్న ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒకేసారి నిద్రపోవు, కొన్ని బండ్లలో అరగంట కూడా పడుతుంది. ఆ తొందరలో చూసి లీకేజీ ఉందనేవాళ్లు కూడా ఉన్నారట. మొత్తానికి మీటర్ 0.03 దగ్గర నిలబడింది. అంటే 30 మిల్లీ ఆంపియర్లు. గడియారం, ఇమ్మొబిలైజర్, స్టీరియో మెమరీ ఇవన్నీ కలిసి ఆ మాత్రం తాగడం మామూలే, 50 లోపు ఉంటే దిగులు పడనక్కర్లేదు.

ఇంకెవరైనా అయితే ఇక్కడే "ఏం లేదు సార్, బండి బాగుంది" అని పంపేసేవాళ్లు. భాయ్ వదల్లేదు. మీటర్ పక్కనుంచి ఒక లావు కేబుల్‌తో లింకు వేసి (సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లు దాటి లాగుతుంది, అదంతా మీటర్ గుండా పోతే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది) నన్ను బండి స్టార్ట్ చేయమన్నాడు, ఆపమన్నాడు, తాళం తీయమన్నాడు, లింకు తీసి చూశాడు. మళ్లీ. మళ్లీ. నాకు విసుగొచ్చే టైంకి మీటర్ 0.9 దగ్గర ఆగిపోయింది. వేచి చూసినా దిగలేదు. అప్పుడు స్టీరింగ్ కింద ఫ్యూజులు ఒక్కొక్కటి తీసుకుంటూ పోతే యాక్సెసరీ ఫ్యూజు (స్టీరియోకీ చార్జర్ సాకెట్‌కీ కరెంటు వెళ్లేది) తీయగానే టక్కున 0.03కి పడింది.

లెక్క వేసుకుంటే అంతా సరిపోయింది. నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున లాగితే 35 గంటలు వచ్చేంత. గంటకు 0.9 చొప్పున ఒక రాత్రికి పది, పదకొండు పోతుంది, అందుకే పొద్దున నీరసం. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా అంటే 38 గంటలు, 34 దాకా పోయింది, ఇంకేం మిగిలింది? తాగుతున్నది ఆ ఆండ్రాయిడ్ స్టీరియో. బటన్ నొక్కి స్క్రీన్ ఆర్పేస్తే అది ఆగినట్టు కాదు, తాళం నుంచి వచ్చే యాక్సెసరీ వైరులో కరెంటు పోతేనే అది నిజంగా నిద్రపోతుంది. ఆ వైరులో మాత్రం కరెంటు పోవట్లేదు.

ఇప్పుడు డబ్బులు మిగిల్చిన సంగతి చెప్తా, ఇది అందరూ తెలుసుకోవాలి. ఇగ్నిషన్ లాక్ అని మనం అనేది నిజానికి రెండు ముక్కలు. ముందు వైపు తాళం దూరే ఇత్తడి బ్యారెల్, స్టీరింగ్ లాక్ కూడా దాంతోనే ఉంటుంది. దాని వెనక ప్లాస్టిక్ డబ్బాలో కరెంటు స్విచ్. బ్యారెల్ తిరిగితే అది స్విచ్‌ని తిప్పుతుంది, అంతే సంబంధం. బ్యారెల్ అరిగితే తాళం పూర్తిగా వెనక్కి రాకుండానే ఊడి చేతికొస్తుంది, అప్పుడు బ్యారెల్ పని చేయించాలి లేదా లాక్ మార్చాలి. కానీ స్విచ్ ఒక్కటే పోతే? చాలా కార్లలో అది రెండు స్క్రూలు, ఒక కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు). తాళం అదే, చిప్ అదే, కోడింగ్ గొడవే లేదు. భాయ్ స్టీరింగ్ కింద కవర్ విప్పి స్విచ్‌ని బ్యారెల్ నుంచి విడదీసి, దాని గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి చేత్తోనే ఆఫ్‌కి తిప్పాడు. పూర్తిగా ఆఫ్‌లో ఉంది, అయినా మీటర్ ఒక్కోసారి 0.9 చూపిస్తూనే ఉంది. ఇక బ్యారెల్ మీద అనుమానం పెట్టుకోవడానికి ఏం లేదు. ఆ విప్పే ముందు బ్యాటరీ వైరు తీసేసి కొన్ని నిమిషాలు ఖాళీగా కూర్చున్నాడు, స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, అందులో మిగిలిన చార్జ్ పోవాలని. ఈ జాగ్రత్త నేను పెద్ద షాపుల్లో కూడా చూడలేదు.

స్విచ్ ఎందుకు పోయిందో కూడా చెప్పాడు, చెప్పడమేంటి, విప్పి చూపించాడు. లోపల యాక్సెసరీ కాంటాక్ట్ నల్లగా మాడిపోయి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి, స్ప్రింగ్ బలం పోయి రేకు వెనక్కి రావట్లేదు. నాకంటే ముందున్న ఓనరు ఫాగ్ లైట్లు పెట్టించుకున్నాడు, పెట్టినవాడు రిలే (ఎక్కువ కరెంటుని తాళం స్విచ్ మీద పడకుండా తనే మోసే చిన్న స్విచ్) లేకుండా నేరుగా ఆ యాక్సెసరీ వైరుకే కలిపేశాడు. రెండు 55 వాట్ల బల్బులంటే తొమ్మిది ఆంపియర్ల పైమాటే, స్టీరియోకీ ఫోన్ చార్జర్‌కీ ఉన్న ఆ సన్న కాంటాక్ట్ అంత రోజూ మోస్తే మాడక ఏమవుతుంది. ఎక్స్‌ట్రా లైట్లు, పెద్ద హారన్లు పెట్టించుకునేవాళ్లు దయచేసి రిలే వేశారో లేదో దగ్గరుండి చూడండి. రిలే ధర రెండు మూడు వందలు కూడా ఉండదు.

పార్ట్ ఇక్కడ దొరకలేదు, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాడు. లోకల్‌ది అయితే 450, కంపెనీది 1,350, ఏది వేయమంటారని అడిగాడు, తేడా కూడా దాచకుండా చెప్పాడు. కంపెనీదే వేయించా. ఫాగ్ లైట్ల వైరింగ్ పీకి, ఫ్యూజు, రిలే పెట్టి మళ్లీ వేసినందుకు, స్విచ్ మార్చినందుకు, అంతా కలిపి 2,300 అయింది. పార్ట్ వచ్చేదాకా ఏం చేయాలంటే ఆ యాక్సెసరీ ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోమన్నాడు, స్టీరియో, చార్జర్ సాకెట్ పనిచేయవు, బండి మాత్రం మామూలుగా నడుస్తుంది. మీకు ఇదే జబ్బు ఉంటే ఈ రోజే చేసుకోగలిగిన పని ఇది, పైసా ఖర్చు లేదు. ఒకటి గుర్తుంచుకోండి, అందరికీ యాక్సెసరీ కాంటాక్టే పోవాలని లేదు. తాళం తీశాక కూడా డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్లు వెలుగుతున్నా, స్టార్ట్ అయ్యాక సెల్ఫ్ ఆగకుండా తిరుగుతున్నా ఫ్యూజులతో ఆటలాడకుండా బ్యాటరీ నెగెటివ్ తీసేసి మెకానిక్‌ని పిలవండి.

బ్యాటరీ మార్చలేదు. అన్నిసార్లు ఖాళీ అయింది కాబట్టి ఊళ్లో తిరిగితే నిండదు అని ఒక రాత్రంతా చార్జర్ మీద నిదానంగా ఎక్కించి ఇచ్చాడు, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. దసరాకి ఊరెళ్లి వచ్చి తీస్తే మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.

నా తాళాల గుత్తి చూసి మాత్రం కోప్పడ్డాడు. ఇంటి తాళాలు, బీరువా తాళం, దేవుడి బొమ్మ, అన్నీ కారు తాళానికే వేలాడుతుంటే ఆ బరువుకి బ్యారెల్ అరుగుతుందని. ఇది మెకానిక్కుల చాదస్తం అనుకోకండి, 2014లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిచింది ఈ ఇగ్నిషన్ స్విచ్ కోసమే. అక్కడ జబ్బు దీనికి పూర్తిగా ఉల్టా, నడుస్తుండగానే స్విచ్ ఆన్ నుంచి జారి ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు, 124 మరణాలకు పరిహారం కట్టాల్సి వచ్చింది. రిపేరు అయ్యేదాకా కారు తాళానికి ఇంకేం తగిలించకండి అని ఆ కంపెనీయే ఓనర్లకు చెప్పింది. ఇంకొకటి, తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె వేసే అలవాటు మానుకోమన్నాడు, మన దుమ్ముకి అది లోపల ముద్ద కడుతుంది, గ్రాఫైట్ పొడి వేస్తే చాలట.

ఇక బాగోలేనివి. చెప్పిన టైంకి పని అవుతుందని ఆశ పెట్టుకోకండి, మధ్యలో ఆటోవాళ్లు వస్తే వాళ్లని ముందు పంపిస్తాడు, వాళ్ల పొట్టకూటి బండ్లు అంటాడు, న్యాయమే గానీ మనం నిలబడే ఉండాలి, కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. పార్ట్‌కి బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం, నాకు రెండుసార్లు గుర్తు చేస్తే గానీ రాయలేదు. బ్యాటరీ వైరు తీశాడు కాబట్టి గడియారం, స్టీరియో సెట్టింగులు అన్నీ పోయాయి, అవి మనమే పెట్టుకోవాలి, ముందే ఒక మాట చెప్తే బాగుండేది. ఫోన్ దగ్గర ఒకటి తగ్గించి ఐదుకి నాలుగు ఇస్తున్నా.

వెళ్లేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, నమాజుకి షట్టరు దించుతారు, రెండున్నర దాటాక తెరుస్తారు. పెద్ద బండి అయితే సందులోకి తిప్పకుండా మెయిన్ రోడ్డు మీదే ఆపి లోపలికి నడిచి వెళ్లి చెప్పండి, కుర్రాడు మీటర్ తీసుకుని అక్కడికే వస్తాడు.